కోటల లెక్క, పలకల లెక్క: సివిలైజేషన్ 5లో అషుర్‌బనిపాల్ బలం ఎంత?

సివిలైజేషన్ 5 ఆటకు రెండో విస్తరణ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ 2013 జులైలో వచ్చింది. దానితో ఆటలో చేరిన కొత్త రాజ్యాల్లో అస్సీరియా ఒకటి. దానికి నాయకుడు అషుర్‌బనిపాల్. క్రీ.పూ. 7వ శతాబ్దంలో నినెవే రాజధానిగా పాలించిన ఈ రాజును చరిత్ర రెండు విధాలుగా గుర్తుపెట్టుకుంది. ఈజిప్టులోని థీబ్స్ నుంచి ఏలాములోని సూసా దాకా నగరాలను కొల్లగొట్టిన సామ్రాజ్యాధిపతిగా ఒకటి, మట్టిపలకల మహా గ్రంథాలయాన్ని కూర్చినవాడిగా మరొకటి. ఆటను రూపొందించినవాళ్లు ఈ రెంటినీ ఒకే నియమంలోకి తెచ్చారు. అస్సీరియా ఒక శత్రునగరాన్ని గెలిస్తే, ఆ నగరం యజమానికి తెలిసి మనకు తెలియని టెక్నాలజీ ఒకటి ఉచితంగా వస్తుంది. ఒక్కో నగరం నుంచి ఇది ఒక్కసారే. ఈ ప్రత్యేక లక్షణానికి ‘నినెవే నిధులు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఈ నియమం కారణంగా అషుర్‌బనిపాల్‌ను ఆటగాళ్లు సైన్స్, సైన్యం రెండింటిలోనూ గట్టి నాయకుడిగా చెప్పుకుంటారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఆట నియమాలనే సాక్ష్యంగా పెట్టుకుని చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. అతనికి ఆ రెండు బలాలూ నిజంగానే ఉన్నాయి, కానీ అవి ఒకే కాలంలో పండవు. సైనికబలం ఆట తొలిభాగంలో శిఖరానికి చేరుతుంది. సైన్స్ లాభం మాత్రం ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండు కాలాల మధ్య ఖాళీని ఎలా పూడ్చుకోవాలన్నదే ఈ నాయకుణ్ని ఎంచుకున్నవారి ముందున్న అసలు ప్రశ్న.

ఏది సాక్ష్యం

ఒక నాయకుడి బలానికి రుజువుగా ఎక్కువగా వినిపించేది గెలుపు కథ. ఫలానా వారు అస్సీరియాతో అత్యున్నత కష్టస్థాయిలో గెలిచారు, ఇన్ని టర్నుల్లో ముగించారు అంటారు. అది అబద్ధం కానక్కరలేదు, కానీ దానినుంచి నాయకుడి వాటాను విడదీయడం చాలా కష్టం. ఆరంభంలో దొరికిన నది, కొండ, ఉప్పు గని, పక్కన ఉన్న బలహీన రాజ్యం, ఆడినవారి అనుభవం అన్నీ ఆ గెలుపులో కలిసే ఉంటాయి. పైగా ఓడిన ఆటల గురించి రాసేవారు తక్కువ. ఎవరైనా ఆరంభంలోనే దెబ్బతిని ఆట మూసేసి, పటం మార్చి మళ్లీ మొదలుపెడితే ఆ మొదటి ప్రయత్నం ఏ లెక్కలోకీ రాదు.

అందుకని ఇక్కడ గెలుపు కథలను పక్కన పెట్టాను. నియమాలు, ప్రాథమిక ధరలు, అవి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు తేలే ఫలితాలు, వీటితోనే వాదిస్తాను. ఈ పద్ధతికీ హద్దు ఉంది. నియమాల లెక్క ఒక లక్షణం ఎంత ఇవ్వగలదో చెబుతుంది, ఆటగాడు దాన్ని ఎంత రాబట్టుకుంటాడో చెప్పదు. కింది అంకెలన్నీ సాధారణ వేగంలో, సాధారణ పరిమాణం ఉన్న పటానికి వర్తించేవి.

ఉచితంగా వచ్చినదాని ధర

ఉచిత టెక్నాలజీ విలువను కొలవడానికి రెండు కొలతలున్నాయి. దాన్ని మనమే కనుక్కోవాలంటే ఎంత సైన్స్ ఖర్చయ్యేది అన్నది మొదటిది. ఎన్ని టర్నులు పట్టేది అన్నది రెండోది. రెండూ ఒకే సమాధానం ఇవ్వవు. తేడా అక్కడే ఉంది.

గణితం టెక్నాలజీ ప్రాథమిక ధర 105. క్లాసికల్ యుగంలోని చాలా టెక్నాలజీలు ఆ మెట్టుమీదో, దానికి కొంచెం పైనో ఉంటాయి. మధ్యయుగంలో విశ్వవిద్యాలయాలకు దారితీసే విద్య అనే టెక్నాలజీ ధర 485. అంటే ఒక నగరాన్ని గణితం నేర్చిన వెంటనే గెలిస్తే వందా, నూటయాభై విలువైన టెక్నాలజీ వస్తుంది. అదే నగరాన్ని శత్రువు మధ్యయుగంలోకి వెళ్లాక గెలిస్తే అంతకు మూడు నాలుగు రెట్ల విలువైనది వస్తుంది. నగరానికి ఒక్కసారే అన్న షరతు ఇక్కడ గట్టిగా పనిచేస్తుంది. తొందరపడి గెలిచిన ప్రతి నగరమూ తన ఒక్క కానుకనూ తక్కువ ధరకే ఇచ్చేసినట్టు లెక్క. తర్వాత అది చేతులు మారి మళ్లీ మనకే వచ్చినా రెండో కానుక ఉండదు.

టర్నుల్లో కొలిస్తే బొమ్మ కొంత మారుతుంది. రాజ్యం టర్నుకు 10 సైన్స్ మాత్రమే ఉత్పత్తి చేసే దశలో 105 అంటే పది టర్నులకు పైన. టర్నుకు 50 వచ్చే దశలో 485 కూడా దాదాపు అంతే. కాబట్టి కాలంలో చూస్తే తొలి కానుక చులకనైనదేమీ కాదు. తొలి దశలో మిగిలిన పది టర్నుల్లో ఇంకో టెక్నాలజీ వస్తుంది, దానితో ఇంకో భవనం ముందుగా లేస్తుంది, ఆ లాభం పేరుకుంటూ పోతుంది. ఆలస్యంగా గెలిస్తే సైన్స్ విలువ పెద్దది, ముందుగా గెలిస్తే కాలపు విలువ తక్కువేమీ కాదు. ‘ఆలస్యమే మేలు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి ఇది అడ్డుపడుతుంది.

ఇంకొక షరతు కూడా ఉంది. మనకు ఇప్పటికే తెలిసినది కానుకగా రాదు. పైగా కోరుకున్న టెక్నాలజీకి ముందు నేర్చుకోవలసినవన్నీ మనం నేర్చుకుని ఉండాలి. సైన్స్‌లో అందరికంటే ముందున్న అస్సీరియాకు ఈ లక్షణం దాదాపు ఏమీ ఇవ్వదు. వెనకబడిన అస్సీరియాకు చాలా ఇస్తుంది. దీన్నిబట్టి చూస్తే ఇది ముందుకు దూసుకుపోయే శక్తి కాదు, వెనకబడ్డవాడు అందుకునే శక్తి. సైన్స్ నాయకుడు అన్న బిరుదును కాస్త సవరించుకోవలసింది ఇక్కడే.

అయితే వెనకబాటు అంతటా ఒకేలా ఉండాల్సిన పనిలేదు. టెక్నాలజీల చెట్టుకు కొమ్మలున్నాయి. ఆటగాడు ఒక కొమ్మమీదే నిటారుగా ఎక్కి మిగతావాటిని కావాలని వదిలేయవచ్చు. కంప్యూటర్ నడిపే రాజ్యాలు కొంత సమంగా నేర్చుకుంటూ పోతాయి కాబట్టి, మనం వదిలిన కొమ్మల్లో ఏదో ఒకటి పొరుగువాడి దగ్గర దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మొత్తం మీద ముందున్నా ఖాళీలు ఉంచుకున్న ఆటగాడికి నినెవే నిధులు పనికొస్తాయి. నా దృష్టిలో ఈ నాయకుడి నిజమైన నైపుణ్యం ఇందులోనే ఉంది. ఏది నేర్చుకోవాలి అన్నదానితో పాటు, ఏది నేర్చుకోకుండా పొరుగువాడికి వదలాలి అన్నది కూడా ఇక్కడ వ్యూహమే. మిగతా నాయకుల్లో ఎవరితో ఆడినా ఈ ప్రశ్న ఇంత బలంగా ముందుకు రాదు.

ఐదు శాతం భారం

బ్రేవ్ న్యూ వరల్డ్ తెచ్చిన మార్పుల్లో అస్సీరియాను నేరుగా తాకేది ఒకటుంది. రాజ్యంలో చేరే ప్రతి అదనపు నగరం వల్ల టెక్నాలజీల ధరలు సుమారు 5 శాతం పెరుగుతాయి. పెద్ద పటాలమీద ఈ శాతం తక్కువ. గెలిచిన నగరాన్ని రాజ్యంలో ఉంచుకున్నప్పుడు ఈ భారమూ దానితోనే వస్తుంది.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఇంకా నేర్చుకోవలసిన టెక్నాలజీలు 20 ఉన్నాయనీ, అన్నింటి ధరా సమానమేననీ అనుకుందాం. ఒక నగరం చేరితే ధరల పెరుగుదల మొత్తం 20 × 5 శాతం, అంటే సరిగ్గా ఒక టెక్నాలజీ అంత. ఉచితంగా వచ్చిన ఒక్కటీ ఈ భారానికే చెల్లిపోయింది. ఇంకా నేర్చుకోవలసినవి 20 కంటే ఎక్కువ ఉంటే నష్టమే. నిజమైన ఆటలో తర్వాతి టెక్నాలజీలు వేలల్లో ఖరీదు చేస్తాయి, తొలి కానుక వందల్లో ఉంటుంది. కాబట్టి ఆట చివరిదాకా లెక్కగడితే, తొలి యుద్ధంలో వచ్చిన ఉచిత టెక్నాలజీ ఒక్కటే ఆ నగరం తెచ్చిన భారాన్ని తీర్చలేదు.

మరి తీర్చేది ఏది? నగరంలోని జనాభా. ఈ ఆటలో ప్రతి పౌరుడూ టర్నుకు 1 సైన్స్ ఇస్తాడు. గ్రంథాలయం ఉంటే ప్రతి ఇద్దరికీ మరో 1 చేరుతుంది. రాజ్యం మొత్తం టర్నుకు 100 సైన్స్ చేస్తున్నప్పుడు కొత్త నగరం నాలుగైదు సైన్స్ తెస్తే చాలు, ధరల పెరుగుదలకు సరిపోతుంది. ఆరుగురు పౌరులు, ఒక గ్రంథాలయం ఉన్న నగరం తెచ్చేది 6 + 3, అంటే 9. అంతవరకు లాభమే. ఇద్దరే పౌరులున్న మారుమూల నగరం తెచ్చేది 3. అది ఎప్పుడో ఎదిగేదాకా మనకు బరువే.

అయితే గెలిచిన మర్నాటి నుంచే ఈ 9 రాదు. నగరం చేతికి వచ్చేటప్పటికి జనాభా సగమై ఉంటుంది. ఆ తర్వాత కొన్ని టర్నులు ప్రతిఘటన నడుస్తుంది, ఆ కాలంలో నగరం ఏమీ ఇవ్వదు. భవనాల్లో కొన్ని పోయి ఉంటాయి. నగరానికి 3, పౌరుడికి 1 చొప్పున రాజ్యంలో అసంతృప్తి పెరుగుతుంది. కలుపుకున్న నగరంలో న్యాయస్థానం కట్టేదాకా అది ఇంకా ఎక్కువ.

నినెవే నిధుల అసలు పాత్ర నాకు ఇక్కడ స్పష్టంగా కనిపించింది. ఉచిత టెక్నాలజీ విజయానికి పూర్తి ప్రతిఫలం కాదు. నగరం గెలిచిన రోజుకూ, అది సైన్స్ ఇవ్వడం మొదలుపెట్టే రోజుకూ మధ్య ఉన్న కరువుకాలానికి అది ముందస్తు చెల్లింపు. మిగతా దండయాత్ర నాయకులు ఆ కాలంలో సైన్స్‌లో వెనకబడతారు, యుద్ధం చేసిన పాపానికి పదీ పదిహేను టర్నులు కోల్పోతారు. అషుర్‌బనిపాల్‌కు ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. ఈ కోణంలో చూస్తే ఈ లక్షణం మంచి సైన్స్ లక్షణం అనేకంటే, యుద్ధం చేసేవారికి ఉన్న సైన్స్ జబ్బుకు మంచి మందు అనడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది.

కనిపించని ఖర్చు ఇంకొకటుంది. నగరాలు గెలిచేకొద్దీ మిగతా రాజ్యాల కళ్లలో మనం యుద్ధోన్మాదులమవుతాం. రెండు రాజ్యాలు కలిసి సొమ్ము పెట్టి చేసుకునే పరిశోధన ఒప్పందానికి ముందు స్నేహప్రకటన ఉండాలి. స్నేహితులు లేని అస్సీరియాకు ఆ దారి మూసుకుపోతుంది. శాంతంగా ఆడే రాజ్యాలు ఆట నడిమి భాగంలో ఈ ఒప్పందాల ద్వారా గట్టి లాభం పొందుతాయి. అస్సీరియా లాభాన్ని లెక్కించేటప్పుడు ఈ పోయిన ఒప్పందాలను తీసివేయకపోతే లెక్క ఒకవైపే చూసినట్టవుతుంది.

సీజ్ టవర్ గడువు

అస్సీరియా ప్రత్యేక సైనిక యూనిట్ సీజ్ టవర్. కాటపల్ట్ స్థానంలో ఇది వస్తుంది, గణితంతో అందుబాటులోకి వస్తుంది. కాటపల్ట్‌లా దూరం నుంచి రాళ్లు విసరదు. గోడ పక్కకే వెళ్లాలి. దాని విలువ సొంత దెబ్బలోకంటే పక్కవాళ్లకు ఇచ్చే ఊతంలో ఎక్కువ. దగ్గర్లో ఉన్న మన సైన్యం నగరంమీద దాడి చేస్తే ఆ దాడికి 50 శాతం అదనపు బలం వస్తుంది. ఒక టవర్, దాని చుట్టూ రెండు మూడు కత్తి, ఈటె దళాలు ఉంటే క్లాసికల్ యుగపు నగరం ఎక్కువసేపు నిలవదు.

ఈ బలానికి గడువుంది. నగరాల రక్షణబలం జనాభాతో, టెక్నాలజీతో, గోడలతో, తర్వాత కోటలతో పెరుగుతూ పోతుంది. టవర్ బలం మాత్రం అక్కడే ఉంటుంది. శత్రువు మధ్యయుగపు రక్షణలోకి వెళ్లిపోయాక టవర్‌ను గోడదాకా తీసుకెళ్లడమే కష్టం. అంటే టవర్ అడిగేది తొందర, నిధులు అడిగేది ఓపిక. ఒకే నాయకుడికి ఇచ్చిన రెండు వరాలు ఇలా ఎదురెదురుగా లాగడం ఈ ఆటలో అరుదు. నేను చూసిన చాలా అంచనాలు ఈ రెంటినీ విడివిడిగా మెచ్చుకుని కలిపి మార్కులు వేస్తాయి. కలిపి చూస్తే మొత్తం, విడివిడి భాగాల కూడికకంటే తక్కువే వస్తుందని నా అంచనా.

దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. తొలి యుద్ధాన్ని టవర్లతో ఒక పొరుగురాజ్యంమీదే, అందులోనూ రాజధాని మీద, జనాభా ఎక్కువున్న ఒకటి రెండు నగరాలమీద మాత్రమే చేయడం. ఆ నగరాలు జనాభాతో తమ భారాన్ని తామే తీరుస్తాయి. వచ్చే టెక్నాలజీలు చవకవైనా కాలాన్ని మిగులుస్తాయి. చిన్న నగరాలను అప్పుడే ముట్టుకోకుండా వదిలేస్తే వాటి కానుక తర్వాతి యుగానికి నిలవ ఉంటుంది. అప్పటికి ముట్టడికి ట్రెబుషేలో ఫిరంగులో వచ్చి ఉంటాయి, టవర్ లోటు అంతగా తెలియదు.

గ్రంథాలయంలో పది పాయింట్లు

మూడో ప్రత్యేకత రాజ గ్రంథాలయం. మామూలు గ్రంథాలయం చేసే పని అంతా చేస్తుంది. అదనంగా ఒక సాహిత్య మహాకృతిని ఉంచే చోటు ఇందులో ఉంది. ఆ చోటు నిండితే ఆ నగరంలో శిక్షణ పొందే యూనిట్లకు 10 అనుభవ పాయింట్లు ఎక్కువగా వస్తాయి. చదువు, యుద్ధం రెండూ కలిసిన రాజుకు ఇంతకంటే అందమైన నియమం రాయలేరేమో. అందం సంగతి అటుంచి, లెక్క చూద్దాం.

యూనిట్‌కు మొదటి ప్రమోషన్ 10 పాయింట్లకు, రెండోది 30కి, మూడోది 60కి వస్తుంది. బ్యారక్స్, ఆర్మరీ, మిలిటరీ అకాడమీ ఒక్కొక్కటి 15 ఇస్తాయి. బ్యారక్స్ ఒక్కటే ఉంటే 15, మొదటి ప్రమోషన్ ఎలాగూ వచ్చేసింది. నిండిన రాజ గ్రంథాలయం కలిపితే 25. రెండో ప్రమోషన్‌కు ఐదు తక్కువ. బ్యారక్స్, ఆర్మరీ రెండూ ఉంటే 30, రెండో ప్రమోషన్ వచ్చింది. గ్రంథాలయంతో 40, మూడోదానికి ఇంకా 20 దూరం. మూడు భవనాలూ ఉంటే 45, గ్రంథాలయంతో 55. ఇక్కడా ఐదు తక్కువ. ఈ సైనిక భవనాల వరుసలో ఎక్కడ కలిపినా గ్రంథాలయపు 10 ఒక్కటే కొత్త ప్రమోషన్ గీతను దాటించదు.

అంటే దీనికి విలువ లేదనా? అలా అనలేం. బ్యారక్స్ లేని నగరంలో ఇది సరిగ్గా 10 ఇచ్చి మొదటి ప్రమోషన్ తెస్తుంది. గ్రంథాలయం ఎలాగూ కట్టాల్సిందే కాబట్టి బ్యారక్స్ ఖర్చు మిగులుతుంది. 25 దగ్గరో 55 దగ్గరో ఆగిన యూనిట్ ఒకటి రెండు పోరాటాల్లోనే తర్వాతి మెట్టెక్కుతుంది. లాభం నిజమైనదే, కానీ చిన్నది. పైగా ఆ చోటును నింపడానికి మహారచయిత కావాలి, లేదా ఎవరి నగరంలోనో ఉన్న మహాకృతిని ఆ నగరంతో పాటు గెలుచుకోవాలి. రచయితల సంఘం నాటకం, కవిత్వం అనే టెక్నాలజీతో వస్తుంది. టవర్ల యుద్ధానికి గణితంవైపు పరుగెత్తే ఆటగాడికి అది పక్కదారి. టవర్లు మంచి స్థితిలో ఉన్న కాలంలో గ్రంథాలయంలోని ఆ చోటు ఖాళీగా ఉండే అవకాశమే ఎక్కువ. కాలం కుదరకపోవడం అన్న సమస్య ఇక్కడ మూడోసారి ఎదురవుతోంది.

బాబిలోన్‌తో పోలిక

ఈ నాయకుణ్ని ఎవరితో పోల్చాలన్నప్పుడు చరిత్రే ఒక పేరు అందిస్తుంది. అదే ఆటలో బాబిలోన్‌ను నడిపే రెండవ నెబుకద్నెజరు. రాత అనే టెక్నాలజీ నేర్చిన వెంటనే అతనికి ఒక మహాశాస్త్రవేత్త ఉచితంగా వస్తాడు. ఆ తర్వాతి శాస్త్రవేత్తలు 50 శాతం వేగంగా పుడతారు. ఆ తొలి శాస్త్రవేత్తతో అకాడమీ కట్టిస్తే టర్నుకు 8 సైన్స్. యాభై టర్నులు గడిస్తే 400. పొరుగున ఎవరున్నారు, ఏం నేర్చుకున్నారు, యుద్ధం గెలిచామా లేదా అన్నవాటితో ఈ 400కు సంబంధం లేదు.

అస్సీరియా అదే యాభై టర్నుల్లో మూడు నగరాలు గెలిచి 105 నుంచి 175 మధ్య విలువైన టెక్నాలజీలు మూడు తీసుకుంటే మొత్తం సుమారు 315 నుంచి 525. చూడడానికి సరిసమానం. కానీ బాబిలోన్ సంఖ్యకు హామీ ఉంది, అస్సీరియా సంఖ్యకు షరతులున్నాయి. సైన్యానికి పెట్టిన ఉత్పత్తి, నగరాల భారం, పోయిన స్నేహాలు ఒకవైపు, చేతికొచ్చిన మూడు నగరాల భూమి, జనాభా ఇంకోవైపు పెట్టి తూచాలి. సైన్స్ ఒక్కటే గమ్యంగా పెట్టుకుని, అపోలో కార్యక్రమం ముగించి అంతరిక్ష నౌక ఆరు భాగాలనూ పంపి గెలవాలనుకునేవారికి నెబుకద్నెజరే నమ్మకమైన ఎంపిక అని నేను అనుకుంటున్నాను. అందరి రాజధానులూ గెలవాలనుకునేవారికి మాత్రం లెక్క తిరగబడుతుంది. వాళ్లు ఎలాగూ నగరాలు గెలుస్తారు, ఎలాగూ భారం మోస్తారు. అలాంటప్పుడు ఒక్కో నగరంతో వచ్చే టెక్నాలజీకి అదనపు ఖర్చు లేనట్టే.

గూఢచారుల సంగతి కూడా చేర్చాలి. ఏదో ఒక రాజ్యం పునరుజ్జీవన యుగంలో అడుగుపెట్టగానే అందరికీ గూఢచారులు వస్తారు, పరాయి టెక్నాలజీని దొంగిలించే వీలు అందరికీ కలుగుతుంది. అప్పటిదాకా అస్సీరియాకు మాత్రమే ఉన్న దారి ఆ తర్వాత అందరిదీ అవుతుంది. నిధుల విలువ ఆలస్యమయ్యేకొద్దీ పెరుగుతుందన్న నా వాదనకు ఇది ఒక పరిమితి. విలువ పెరుగుతుంది, ప్రత్యేకత తగ్గుతుంది. రెంటినీ కలిపి చూస్తే మధ్యయుగం చివరినుంచి పునరుజ్జీవన ఆరంభం దాకా ఉన్న కాలం ఈ లక్షణానికి అత్యుత్తమమైన కిటికీగా కనిపిస్తోంది.

నినెవేలో ఏం జరిగింది

ఆట నియమం చరిత్రకు ఎంత దగ్గర అన్నది వేరే ప్రశ్నే అయినా, ఈ నాయకుడి విషయంలో దాన్ని వదిలిపెట్టలేం. క్రీ.పూ. 652లో బాబిలోన్‌ను పాలిస్తున్న సోదరుడు షమష్-షుమ్-ఉకిన్ అషుర్‌బనిపాల్‌మీద తిరగబడ్డాడు. నాలుగేళ్ల యుద్ధం, ముట్టడి, కరువు తర్వాత 648లో బాబిలోన్ పడిపోయింది. మర్నాడు కాకపోయినా, కొద్ది నెలలకే, అంటే 647 తొలినాళ్లకు చెందిన కొన్ని చేర్పు పట్టీలు నినెవేలో దొరికాయి. వాటిని ప్రచురించిన సిమో పర్పోలా లెక్క ప్రకారం అప్పుడు రాజ సేకరణలోకి సుమారు 2,000 మట్టిపలకలు, 300 రాతబల్లలు వచ్చి చేరాయి. వాటిలో చాలా భాగం బాబిలోనియా పండితుల ఇళ్లనుంచి వచ్చినవే. నగరం గెలిచాం, దాని జ్ఞానం తెచ్చుకున్నాం అన్న ఆట నియమానికి ఇంత దగ్గరి చారిత్రక ఆధారం ఉండటం ఆశ్చర్యం కలిగిస్తుంది.

కానీ ఆట వదిలేసిన సగం కూడా ఆ పలకల్లోనే ఉంది. పలకలు వచ్చిన రోజునే జ్ఞానం రాలేదు. వాటిని పోల్చి, సరిచూసి, అస్సీరియా లిపిలో తిరగరాయాలి. నిప్పూర్ పాలకుడి కొడుకు నినుర్త-గిమిల్లి ఒక గ్రంథమాలను రాయడం పూర్తి చేశాడనీ, అతనికి సంకెళ్లు వేశారనీ ఒక పాలనా పత్రం చెబుతోంది. గెలిచిన రాజ్యానికి జ్ఞానం ఒక్క టర్నులో చేరలేదు. బందీల చేతులమీదుగా, ఏళ్ల తరబడి చేరింది. ఆటలోని ప్రతిఘటన కాలాన్ని కానుకకు కూడా వర్తింపజేసి ఉంటే, టెక్నాలజీ వెంటనే కాకుండా కొన్ని టర్నుల తర్వాత వచ్చేటట్టు పెట్టి ఉంటే, చరిత్రకు ఇంకా దగ్గరయ్యేది. ఆటగా మాత్రం బహుశా నీరసపడేది.

ఆ గ్రంథాలయంలో ఏమున్నాయన్నది కూడా ముఖ్యమే. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 30,000కు పైగా పలకలు, ముక్కల్లో శకునాలు, గ్రహచారం, వైద్యం, మంత్రకర్మలు, పదకోశాలు పెద్ద భాగం. 1872లో జార్జ్ స్మిత్ చదివి ప్రపంచాన్ని నివ్వెరపరచిన జలప్రళయ కథా పలక కూడా ఈ సేకరణలోదే. రాజుకు ఇవి సాహిత్య విలాసం కాదు. గ్రహణం రాజ్యానికి ఏం సూచిస్తోంది, ఏ రోజున సైన్యం కదలాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు అక్కడే వెతికేవారు. జ్ఞానం, సైన్యం వేర్వేరు ఖాతాలు కావన్న విషయాన్ని ఆట సరిగ్గానే పట్టుకుంది.

సైనిక నాయకత్వం విషయంలో ఆధారాలు అంత నిక్కచ్చిగా లేవు. శాసనాలు ప్రతి విజయాన్నీ రాజు ఖాతాలోనే వేస్తాయి. అలా రాయడం అస్సీరియా రాజుల ఆనవాయితీ. చాలా దండయాత్రలను సేనానులు నడిపారనీ, రాజు నినెవేలోనే ఉండేవాడనీ పలువురు చరిత్రకారులు భావిస్తారు. రాజభవనపు శిల్పాల్లో సింహాలను వేటాడే అషుర్‌బనిపాల్ నడుము పట్టీలో రాత పుల్లలు కనిపిస్తాయి. తనను లోకం ఎలా చూడాలని అతను కోరుకున్నాడో దానికి ఇవి సాక్ష్యం. యుద్ధభూమిలో అతను ఏం చేశాడన్నదానికి కాదు.

ఎక్కడ, ఎవరిపక్కన

ఆటలో ఎనిమిది కష్టస్థాయులున్నాయి. కింది స్థాయుల్లో నగరాలు తేలిగ్గా గెలవవచ్చు, కానీ శత్రువులకు మనకు తెలియనిది పెద్దగా ఉండదు. పైస్థాయుల్లో కంప్యూటర్ రాజ్యాలు ఆరంభంలోనే కొన్ని టెక్నాలజీలతో బయల్దేరుతాయి, ఉత్పత్తిలోనూ వాటికి రాయితీలుంటాయి. తీసుకోవడానికి బోలెడుంటుంది, గోడ దాటడమే కష్టం. లాభమూ వీలూ రెండూ కలిసేది నడిమికి కాస్త పైనున్న స్థాయుల్లో అని నియమాలు సూచిస్తున్నాయి. పొరుగువాడు ఎవరన్నది కూడా అంతే ముఖ్యం. బాబిలోన్, కొరియా లాంటి సైన్స్ రాజ్యం పక్కనుంటే నిధులు నిండుగా ఉంటాయి. సముద్రం అవతల ఒంటరి ద్వీపంలో మొదలైతే టవర్లూ లేవు, నిధులూ లేవు. అషుర్‌బనిపాల్ బలంలో ఇంత పెద్ద వాటా పటం చేతుల్లో ఉండటంవల్ల అతనికి ఒక్క ర్యాంకు ఇవ్వడం నాకు సమంజసంగా తోచదు. ఏ పటం, ఏ పొరుగు, ఏ స్థాయి అన్నవి చెప్పకుండా ఇచ్చే మార్కులు అతని గురించి తక్కువ చెబుతాయి.

నా అంచనా తప్పని తేల్చగల పరీక్ష ఒకటి సాధ్యమే. ఒకే పటం, ఒకే పొరుగు, నడిమికి పైనున్న ఒకే స్థాయి తీసుకోవాలి. ఒక వరుస ఆటల్లో గణితం రాగానే టవర్లతో దొరికిన నగరమల్లా గెలవాలి. రెండో వరుసలో జనాభా ఉన్న నగరాలను మాత్రమే గెలిచి, మిగతావాటిని మధ్యయుగం చివరిదాకా ఆపాలి. మూడో వరుసలో అసలు యుద్ధమే చేయకూడదు. మూడింట్లోనూ విద్య టెక్నాలజీ ఏ టర్నులో వచ్చింది, ఆ తర్వాత వందో టర్నుకు టర్నుకెంత సైన్స్ వస్తోంది అన్న రెండు అంకెలు రాసుకోవాలి. కంప్యూటర్ రాజ్యాలు ప్రతిసారీ ఒకేలా ప్రవర్తించవు కాబట్టి ఒక్కో వరుసలో ఒకటి రెండు ఆటలు చాలవు. మొదటి వరుస రెండో అంకెలో కూడా రెండో వరుసను స్థిరంగా దాటితే, కాలాల మధ్య ఖాళీ గురించి నేను చెప్పినది వీగిపోతుంది, టవర్ తొందరే సరైనదని ఒప్పుకోవలసి వస్తుంది. మొదటి అంకెలో దాటి రెండో అంకెలో వెనకబడితే, ఐదు శాతం భారం నేననుకున్న చోటే నొక్కుతోందని అర్థం.